నడుము కూడా సిలబస్‌లోనే ఉంది

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. వచ్చాక పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడుతుందో అసలే చెప్పలేం. అందుకే మీలో చాలామంది పొద్దున పుస్తకం పట్టుకుని కూర్చుంటే రాత్రికి గానీ లేవడం లేదు. సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో ఇంట్లో చాప మీద చదివేవారైనా, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో స్టడీ హాల్ సీటుకు నెలనెలా డబ్బు కట్టేవారైనా పద్ధతి ఒకటే. కొన్నాళ్లకు మెడ పట్టేస్తుంది, నడుము బిగుసుకుపోతుంది. ‘పరీక్ష అయ్యాక చూసుకుందాంలే’ అనుకుంటారు. సూటిగా చెబుతున్నా, ఆ వాయిదా మీ మార్కులకే కోత పెడుతుంది.

2024 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 మెయిన్స్‌నే తీసుకోండి. అర్హత పేపరైన ఇంగ్లిష్‌తో కలిపి ఏడు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు. అంటే 21 గంటలు వంగి రాయాలి. మెడ సహకరించకపోతే మూడో గంటలో తెలిసిన జవాబు కూడా పేపర్ మీదికి రాదు. పోలీసు ఉద్యోగం కోరుకునేవారి సంగతి ఇంకా కష్టం. 2022 కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. ఆపైన లాంగ్ జంప్, షాట్‌పుట్. నెలల తరబడి కూర్చున్న నడుమును ఈవెంట్స్‌కు నెల ముందు గ్రౌండ్‌కు తీసుకెళ్తే అది మాట వింటుందా?

వంగడం తప్పు కాదు

మన తల బరువు సుమారు 5 కిలోలు. ముందుకు వంచిన కొద్దీ మెడ కండరాల మీద భారం పెరుగుతుంది. అలాగని ఎప్పుడూ కర్రలా నిటారుగా కూర్చోవాలని కాదు. అసలు సమస్య వంగడం కాదు, గంటల తరబడి ఒకే భంగిమలో కదలకుండా ఉండటం. మీ అమ్మ పొలంలో వంగి నాటు వేస్తుంది. ఆమెకూ నడుము నొస్తుంది. కానీ మధ్యమధ్యలో లేచి, చేతులు నడుముకు ఆనించి, ఒళ్లు విరుచుకుని మళ్లీ వంగుతుంది. ఆ మాత్రం తెలివి మన స్టడీ హాళ్లలో కనిపించదు.

తొక్కించుకుంటే తగ్గిపోతుందా?

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారితో తొక్కించుకోవడం మన ఊళ్లలో పాత అలవాటు. నూనెతో రుద్దించుకునేవారు, కటింగ్ అయ్యాక మెడ ‘టక్’మని విరిపించుకునేవారు సరేసరి. మర్దనను నేను కొట్టిపారేయను. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు మసాజ్‌కూ చోటుంది. నడుముకు కట్టే బెల్టులను మాత్రం మామూలుగా వాడొద్దని అందులోనే చెప్పారు. అయితే మర్దన ఇచ్చేది ఉపశమనమే. కండరాలకు బలం రావాలంటే మీరే కదలాలి. ఇంకొకరు రాసిన నోట్సు చదివితే ఊరట ఉంటుంది, సొంతంగా ప్రాక్టీస్ చేస్తేనే మార్కులొస్తాయి. ఇదీ అంతే.

మెడ విరిపించుకోవడం మాత్రం మానేయండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడ ఎముకల గుండా వెళ్తాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే, అరుదుగానే అయినా, అవి చిరిగి పక్షవాతం రావచ్చు. పది సెకన్ల హాయి కోసం అంత పందెం ఎందుకు?

పది గంటల్లో అరగంట

‘టైం ఎక్కడుంది సార్?’ అంటారు. ప్రతి 40 నిమిషాలకు రెండు నిమిషాలు లేవండి. పది గంటల చదువులో ఇది అరగంటే. గడ్డాన్ని నెమ్మదిగా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఉంచండి. భుజాల వెనుక ఎముకలు దగ్గరకు వచ్చేలా ఛాతీ విప్పండి. అరచేతులు నడుముకు ఆనించి మెల్లగా వెనక్కి వంగండి. ఒక్కోటి ఐదారుసార్లు చాలు. సాయంత్రం ఊరి బడి గ్రౌండ్‌లో అరగంట వేగంగా నడవండి. వారంలో ఐదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. మెడ వాలకుండా పుస్తకం కింద నాలుగు పాత గైడ్లు పెట్టుకోండి. ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

కాలు లేదా చేయి తిమ్మిరెక్కి బలం తగ్గినా, జ్వరంతో పాటు నడుము నొప్పి వచ్చినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా వ్యాయామం ఆపి డాక్టర్‌ను కలవండి. మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని వారాలైనా నొప్పి తగ్గకపోతే, హుస్నాబాద్‌కో సిద్దిపేటకో బస్సెక్కాల్సి వచ్చినా సరే, అర్హత ఉన్న ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి.

ఉద్యోగం వచ్చాక అయినా మీ ముందుండేది కుర్చీ, కంప్యూటరే. లేదంటే బందోబస్తు డ్యూటీ. ముప్పై ఏళ్ల సర్వీసుకు ఇదే నడుము కావాలి. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు. రేపటి టైంటేబుల్ మాత్రం మీ చేతిలోనే ఉంది. పాలిటీ, ఎకానమీ పక్కన ఈ అరగంట కూడా రాసుకోండి.