గీజరు ఖర్చు ఎవరి పద్దు?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం చివర రెండో షెడ్యూలు ఉంది. అద్దె ఇంట్లో ఏ మరమ్మతు ఎవరు చేయించాలో అందులో పంచిపెట్టారు. గోడల మరమ్మతు, వెల్ల వేయించడం, నీటి గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు ఇంటి యజమాని వంతుకొచ్చాయి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, మురుగు గొట్టాల శుభ్రం అద్దెకుండేవారి వంతుకెళ్లాయి. గీజరు మరమ్మతునూ ఈ రెండో వరుసలోనే చేర్చారు. ఒప్పందంలో మరోలా రాసుకోవచ్చు. రాసుకోని చోట మాత్రం వేడి నీళ్లు ఆగిపోతే ఖర్చు అద్దెదారుదే. వాడుకునేవాళ్లే బాగుచేయించుకోవాలన్న మాట పైకి సబబుగానే ఉంటుంది. కానీ బాపట్ల జిల్లా తీరంలోని వేటపాలెం లాంటి ఊళ్లో వాటా ఇంట్లో ఉండే కుటుంబం విషయంలో ఈ పంపకం అన్యాయమని నా అభిప్రాయం. నమూనా చట్టాన్ని యథాతథంగా ఎత్తిరాసుకోవాల్సిన అవసరం రాష్ట్రాలకు లేదు కాబట్టి, ఈ ఒక్క పద్దు గురించి గట్టిగా మాట్లాడుకోవాలి.

గీజరు ఎందుకు పాడవుతుందో మెకానిక్కును అడిగితే ముందు నీళ్ల సంగతే చెబుతాడు. కాఠిన్యం ఉన్న నీటిని కాచేకొద్దీ కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి పొరలా హీటింగు ఎలిమెంటు మీద పేరుకుపోతాయి. ఆ పొర వేడిని నీటిలోకి పోనివ్వదు. ఎలిమెంటు తన వేడికి తనే మాడిపోతుంది. ఉప్పు శాతం ఎక్కువైతే ట్యాంకు కూడా తుప్పు పడుతుంది. సముద్రానికి ఇంత దగ్గరగా, ఇసుక నేలల మీద ఉన్న ఊళ్లలో పై పొరలో తియ్యటి నీళ్లు దొరికినా, బోరు లోతుకు దించినకొద్దీ, తోడినకొద్దీ ఉప్పు తగలడం తీరప్రాంతం వారందరికీ తెలిసిన విషయమే. బోరు ఎక్కడ వేయాలో, ఎంత లోతుకు దించాలో నిర్ణయించింది ఇంటి యజమాని. గీజరు కొన్నదీ ఆయనే, దానికి వైరు లాగించిందీ ఆయనే. వీటిలో ఏ ఒక్కటీ అద్దెదారు చేతిలో లేదు. ఆరు నెలల కిందట దిగిన కుటుంబం, అంతకుముందు ఆరేళ్లుగా పేరుకున్న సున్నానికి డబ్బు కట్టాలనడం ఏ లెక్క? షెడ్యూలు రాసినవాళ్లు వస్తువును చూసి బాధ్యత పంచారు. చెడిపోవడానికి కారణమేమిటో చూసి పంచి ఉండాల్సింది. విరగ్గొట్టినవారు కట్టాలి, సరే. నీటి వల్ల, వైరింగు వల్ల, వయసు వల్ల పోయినది ఇంటివారి ఖాతాలోకే రావాలి.

అసలు మా వైపు ఎన్ని అద్దె ఇళ్లలో గీజర్లున్నాయి, చలి వణికించే ప్రాంతం కాదుగదా, వేడి నీళ్లు విలాసం కాదా అనే అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇది బలమైన అభ్యంతరమే. ప్రతి వాటాకూ గీజరు పెట్టించాలని చట్టం చేయమని నేను అడగడం లేదు. ఈ తీరంలో జనవరి తెల్లవారుజాము కూడా ప్రాణం తీసేంత చలి కాదు. కానీ బాలింతకు, నెలల పసిబిడ్డకు, కీళ్ల నొప్పులతో మంచం దిగలేని ముసలివారికి, ఆయాసంతో బాధపడేవారికి వేడి నీళ్లు ఏ కాలంలోనైనా అవసరమే. సొంత ఇల్లున్నవారు పెరట్లో రాళ్లపొయ్యి పెట్టి కాగు ఎక్కిస్తారు. వాటా ఇంట్లో పెరడు ఉమ్మడి. పొగ చూరుతుందని కట్టెల పొయ్యి వద్దంటారు. ఉన్న ఒక్క గ్యాసు బండ వంటకే బొటాబొటి. ఇక మిగిలింది బకెట్లో వేసే హీటరు కడ్డీ. ఎర్తింగు లేని సాకెట్టుకు దాన్ని తగిలించి, తడి నేల మీద నిలబడి, కాగాయో లేదోనని చెయ్యి పెట్టి చూసి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు చలికాలంలో చదువుతూనే ఉంటాం. కాబట్టి ఇక్కడ అడగాల్సింది యంత్రాన్ని కాదు. నీళ్లను భద్రంగా కాచుకునే వీలును. సరైన ఎర్తింగు, లీకేజీ ఉంటే కరెంటును కట్ చేసే బ్రేకరు, ఆగకుండా వచ్చే నీళ్లు, పొయ్యి పెట్టుకోవడానికి జాగా. ఇల్లు ఇచ్చేనాటికి గీజరు ఉండి, అద్దె దాన్నీ లెక్కేసి చెప్పి ఉంటే, ఇల్లు వదిలేదాకా అది పనిచేయాలి కూడా.

వేడి నీళ్ల ఖరీదు ఇంకోచోట కూడా దాగి ఉంది. అది మీటరు. ఇరవై లీటర్ల బకెట్టును ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్టు చొప్పున కాచుకుంటే నెలకు అరవై యూనిట్లు. 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన గృహ వినియోగ ధరల్లో మొదటి 30 యూనిట్లకు రూ.1.90, ఆపైన 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. ఇప్పుడు ఒకే మీటరు మీద మూడు వాటాలున్నాయనుకుందాం. తలా వంద యూనిట్లు వాడితే, విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి వినియోగ ఛార్జీ రూ.304.50, ముగ్గురికీ కలిపి రూ.913.50. అవే 300 యూనిట్లు ఒకే మీటరులో తిరిగితే రూ.1,673.25. నెలకు రూ.760 ఎవరూ వాడుకోని కరెంటుకు కడుతున్నట్టు. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని ఇంటివారు వసూలు చేస్తే దోపిడీ అనుకుంటాం. నిజానికి చాలాచోట్ల స్లాబులే ఆ పని చేస్తున్నాయి. ఇంటివారిని తప్పుబట్టే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి. దీనికి మందు కూడా ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ కనెక్షన్ అడిగే హక్కును యజమానితో పాటు ఆ ఇంట్లో నివాసం ఉండేవారికీ ఇచ్చింది. 2022 మే నెలలో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు, కరెంటు మౌలిక సదుపాయమని, ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న సాకుతో అద్దెదారుకు దాన్ని నిరాకరించరాదని చెప్పింది. విడి మీటరు వస్తే బకెట్టు నీళ్ల ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

అయితే ఎంతమంది అద్దెదారులు విద్యుత్ కార్యాలయానికి వెళ్లి ఇంటివారిని కాదని మీటరు అడగగలరు? అసలు ముడి ఇక్కడే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేని ఇంటి అద్దె నెలవారీ అద్దె. పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ఇక వేటపాలెంలో, పక్కన జాండ్రపేటలో, పందిళ్లపల్లిలో అద్దె ఇల్లంటే చాలా కుటుంబాలకు పని జాగా కూడా. గుంట మగ్గం నేలలో తవ్వి దింపినది. ఇల్లు మారడమంటే మగ్గం విప్పాలి, మరో ఇంటివారిని ఒప్పించి వాళ్ల నేల తవ్వాలి, మళ్లీ బిగించుకోవాలి. ఆ రోజుల్లో నేత ఉండదు, కూలీ ఉండదు. గొయ్యి తవ్వనిచ్చే ఇల్లు దొరకడమే గగనం. ఇలాంటి కుటుంబం గీజరు గురించో, షాకు కొడుతున్న సాకెట్టు గురించో గొంతెత్తుతుందా? బాపట్లలో గది తీసుకున్న విద్యార్థి సంచీ సర్దుకుని మరో వీధికి పోగలడు. మగ్గం ఉన్నవారు పోలేరు. ఇల్లు ఖాళీ చేయిస్తారన్న భయం పోనంతకాలం సదుపాయాల మీద హక్కు ఎంత రాసిచ్చినా అడిగే నోరుండదు.

మన రాష్ట్రానికి ఇది కొత్త పాఠం కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం, తగిన కారణం లేకుండా అద్దెదారు అనుభవిస్తున్న సదుపాయాలను యజమాని నిలిపివేయకూడదని స్పష్టంగానే చెప్పింది. అద్దె కంట్రోలరు దగ్గరకు వెళ్తే పునరుద్ధరణకు ఉత్తర్వు తెచ్చుకునే వీలుండేది. కానీ ఆ చట్టాన్ని పురపాలక సంఘాలకు రాశారు. మిగతా చోట్ల ప్రభుత్వం విడిగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప వర్తించేది కాదు. కాబట్టి తెనాలిలో, రేపల్లెలో, బాపట్లలో, చీరాలలో నీళ్లు ఆపడం నిషిద్ధమైన రోజుల్లో, చీరాలను ఆనుకుని ఉన్న పంచాయతీ వేటపాలెంలో అదే పని ఇంటివారి ఇష్టంగా ఉండేది. పట్టణాల్లోనైనా అందరికీ అందిందా అంటే అదీ లేదు. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలన్నింటినీ చట్టం మినహాయించింది. ఆ మినహాయింపును 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది చివర ప్రభుత్వం కట్టి పదేళ్లు కాని భవనాలను, నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెలను జీవోతో మళ్లీ తప్పించింది. అద్దె మొత్తం మీద జరిగిన పోరాటంలో నీళ్లూ కరెంటూ కూడా కొట్టుకుపోయాయి.

అద్దె చట్టాలు బిగిస్తే ఇళ్లకు తాళాలు పడతాయన్న వాదన ఆ అనుభవం నుంచి వచ్చినదే. అందులో నిజం ఉంది. ఏళ్ల తరబడి పెరగని అద్దెలు ఇళ్లను పాడుబెట్టాయి. అయితే అద్దె ఎంత ఉండాలన్నది ఒక ప్రశ్న, అద్దె పుచ్చుకున్న ఇల్లు ఎలా ఉండాలన్నది మరో ప్రశ్న. మొదటిది బేరానికి వదిలేసి రెండోది చట్టంలో పెట్టడానికి అడ్డేమీ లేదు. అద్దెల మీద అదుపు బాగా సడలించిన ఇంగ్లండులో కూడా 1985 నాటి చట్టం 11వ సెక్షన్, నీళ్లు వేడిచేసే ఏర్పాటును పనిచేసే స్థితిలో ఉంచే బాధ్యతను ఇంటి యజమాని మీదే పెట్టింది. న్యూయార్క్ నగరంలో ఏడాది పొడవునా కనీసం 120 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో నీళ్లు ఇవ్వాలి. మన పిల్లలు అక్కడ అద్దెకుండి ఆ హక్కును సహజంగానే వాడుకుంటున్నారు. ఆ ప్రమాణం మన వాతావరణానికి అక్కర్లేదు. తెచ్చుకోవాల్సినది దాని పక్కనున్న మరో నిబంధన. న్యూయార్క్ రాష్ట్రంలో అద్దెదారు ఫిర్యాదు చేసిన ఏడాది లోపు ఖాళీ చేయమంటే, అది కక్షతో చేసినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. ఇలాంటి ఒక్క వాక్యం మన చట్టంలో ఉంటే మగ్గమున్న ఇల్లాలు ధైర్యంగా మాట్లాడగలదు.

రెండు గదులు అద్దెకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే పెద్దావిడ మీద ఇంత బరువు పెడతారా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. మన చిన్న ఊళ్లలో ఇంటివారు చాలామంది అద్దెదారులకన్నా పెద్ద స్థితిమంతులేమీ కాదు. నమూనా చట్టంలోనే దీనికొక దారి ఉంది. యజమాని తన వంతు మరమ్మతు చేయించకపోతే అద్దెదారే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగం అద్దెకు మించి కోయకూడదు. ఈ పద్ధతిలో ఆ పెద్దావిడ చేతి నుంచి ఒక్కసారిగా డబ్బు తీయనక్కర్లేదు. నెలనెలా కొంత తగ్గుతుంది, ఇల్లు మాత్రం ఆమెదే, బాగుపడిన వైరింగూ ఆమెదే. షాకు కొట్టి మనిషి పోయాక నెత్తిన పడే కేసుతో పోలిస్తే ఎర్తింగు ఖర్చు ఎంత?

2017లో రాష్ట్రం నివాస, నివాసేతర భవనాల అద్దెలపై కొత్త చట్టం చేసింది. దాని నడక అంతా రాతపూర్వక ఒప్పందం మీదే. వేటపాలెంలో నోటిమాట మీద, రెండు మూడు నెలల అడ్వాన్సు మీద చేతులు మారే ఇళ్లే ఎక్కువ. రాత లేకపోతే కొత్త చట్టమైనా పాత చట్టమైనా పట్టుకోవడానికి కొస దొరకదు. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918లో స్థాపించిన సారస్వత నికేతనం ఉన్న ఊరు ఇది. పత్రికలూ పుస్తకాలూ చదవడానికి జనం నడిచి వచ్చే ఆ గ్రంథాలయంలో, ప్రతి సచివాలయంలో, ఒక పేజీ తెలుగు ఒప్పంద పత్రం నమూనా దొరికేలా చేయడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పనేమీ కాదు. అందులో ఇల్లు ఇచ్చేనాటికి ఏమేమున్నాయో ఒక పట్టిక, నీటికీ వైరింగుకూ గీజరుకూ ఎవరు బాధ్యులో ఒక వాక్యం ఉండాలి.

ఆ వాక్యానికి ఉన్న బలం చాలామందికి తెలియదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, యజమాని తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక సహేతుకమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చును అద్దెలోంచి మినహాయించుకోవచ్చంటుంది. పంచాయతీ అని, పట్టణమని తేడా లేదు, కంట్రోలరు అక్కర్లేదు. తిరకాసంతా ‘తాను చేయించాల్సిన’ అన్నచోటే. ఏది ఆయన చేయించాలో ఎక్కడా రాసుకోకపోతే ఆ సెక్షన్ మూగదే. ‘గీజరు, నీటి గొట్టాలు, ఎర్తింగు మరమ్మతులు ఇంటి యజమాని చేయించవలెను’ అని రాసి ఇద్దరూ సంతకం పెడితే, ఆ రోజు నుంచే అది వేటపాలెం అద్దెదారుకు పనికొస్తుంది. అసెంబ్లీ షెడ్యూలు మార్చేదాకా ఆగాల్సిన పనిలేదు.