చిత్రశాల: కుంపటి, కూజా, వజ్రము

స్పెయిను, ఫ్లాండర్సు దేశముల పాతకాలపు చిత్రలేఖనమును గూర్చి ఈ నెల వ్రాయుదుమని చెప్పగానే, పేట్ బషీరాబాదులో మా యింటి కెదురుగ నుండు నొక సోదరి, "వదినా, పొయ్యికాడికెల్లి లేచేసరికే పొద్దుగూకుతున్నది. ఎక్కడి దేశమో, ఎవరి పటాలో, వాటితోని మనకేం పని చెప్పుండ్రి?" అని యడిగినది. ఆమె యడిగినది న్యాయమే. పదునేడవ శతాబ్దపు యూరపు చిత్తరువు లనగానే గుఱ్ఱము లెక్కిన రాజులు, రెక్కలు విప్పిన దేవదూతలు కన్నులకు గట్టుదురు. కావున రాజులను దూతలను ప్రక్కన నుంచి, పొయ్యి దగ్గఱనుండియే మొదలు పెట్టుదుము.

స్పెయిను దేశపు దక్షిణభాగమున సెవిల్ అను పట్టణము గలదు. అచ్చట 1599లో పుట్టిన డియేగో వెలాస్కెజ్, ఇరువది యేండ్లయినను నిండకముందే, 1618లో ఒక ముదుసలి కోడిగ్రుడ్లు వండుచున్న చిత్తరువును వ్రాసెను. ఇప్పుడది ఎడింబరో నగరమందలి స్కాట్లండు జాతీయ చిత్రశాలలో నున్నది. ముసలమ్మ తలపై తెల్లని ముసుగు. ఆమె యెదుట కుంపటి. కుంపటిపై మట్టిమూకుడు. నూనెలో పడిన గ్రుడ్ల తెల్లసొన అప్పుడప్పుడే అంచులవెంట గట్టిపడుచున్నది. ఆమె కొకచేత కొయ్యగరిటె, రెండవచేత ఇంకొక గ్రుడ్డు. ప్రక్కన నొక బాలుడు త్రాట గట్టిన ఖర్బూజాపండును, గాజుబుడ్డిని పట్టుకొని నిలిచియున్నాడు. బల్లమీద చిన్న ఇత్తడి రోలు, రోకలిబండ, కూజాలు, ఎఱ్ఱ ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. తెల్లని గిన్నెమీద అడ్డముగ నొక కత్తి పెట్టియున్నది. దాని నీడ గిన్నెలోపలి గుంటను బట్టి వంగియున్నది. దినమున కెన్నియో గిన్నెలు తోమి బోర్లించు మనలో నెందఱ మటువంటి నీడను గమనించితిమి?

ముసలమ్మ గ్రుడ్లవంక చూచుట లేదు, బాలునివంకను చూచుట లేదు. చేయి తన పని తాను చేసికొనిపోవుచున్నది, చూపు మాత్రము వేఱెక్కడనో యున్నది. నలువది యేండ్లు వంటచేసిన చేతికి కంటితోడు అక్కఱలేదని మన కెవ్వరును చెప్ప నక్కఱలేదు. ఇరువది యేండ్లు నిండని పిల్లవాడు దానిని కనిపెట్టినాడనుటయే మాకు వింత.

ఆ యేడాదినే యతడు వ్రాసిన మఱియొక వంటయింటి చిత్తరువు లండను జాతీయ చిత్రశాలలో గలదు. ఒక పడుచు ఇత్తడి రోటిలో నేదియో నూఱుచున్నది. బల్లపై నాలుగు చేపలు, రెండు గ్రుడ్లు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ. ఈ సరకు చూడగనే రోటిపచ్చడి గుర్తునకు రాని తెలుగు ఇల్లాలుండదు. మిరపకాయ అమెరికా ఖండమున పుట్టినది. స్పెయినువారి యోడలమీద యూరపునకు, పోర్చుగీసువారి యోడలమీద మన తీరమునకు వచ్చినది. అంతకుముందు మన కూరలకు కారము మిరియములే. కాబట్టి ఆ సెవిల్ పడుచునకును మన ముత్తవ్వలకును ఎండుమిరపకాయ ఇంచుమించు ఒకే కాలమున వచ్చిన క్రొత్త చుట్టము.

ఆ పడుచు కన్నులు ఎఱ్ఱబడియున్నవి. వెనుకనున్న ముసలామె వ్రేలు చూపుచున్నది. మూలనున్న చతురములో, అది కిటికీయో అద్దమో పటమో చూచువారి కొక పట్టున తేలదు, క్రీస్తు కూర్చుండగా మరియ యను స్త్రీ పాదములకడ కూర్చుండి బోధ వినుచున్నది. ఆమె యక్క మార్త, పనియంతయు నామీద పడినదని మొఱపెట్టుకొనగా, మరియ ఎన్నుకొన్నదే మంచిదని క్రీస్తు చెప్పినట్లు బైబిలు కథ. వంటయింటిలోనున్న పడుచు కా మాట ఎట్లుండెనో వెలాస్కెజ్ నోటితో చెప్పలేదు, ముఖమున వ్రాసెను. ముసలామె గదమాయించుచున్నదని కొందఱందురు. ఓదార్చుచున్నదని మాకు తోచును. వంట చేసిపెట్టువారు లేనిదే బోధ వినువారికి తీరిక యెక్కడిది?

ఇట్టి వంటయింటి పటములను స్పెయినులో బోదెగోన్ అనెడివారు. దేవతలను రాజులను విడిచి ఉల్లిపాయలను వ్రాయుట నీచమని పెద్దలు కొంద ఱీసడించిరి. వెలాస్కెజ్‌కు గురువును మామయునైన పచేకో మాత్రము, ఇవియు గౌరవింప దగినవే యని తన చిత్రలేఖన గ్రంథమున వాదించెను. డబ్లిను నగరమందలి మఱియొక పటములో, నల్లని మేనిచాయగల పనికత్తె వంటపాత్రల నడుమ చెవియొగ్గి వినుచున్నట్లున్నది. అప్పటి సెవిల్‌లో బానిసలు విస్తారముగ నుండిరి. వెలాస్కెజ్ యింటనే హువాన్ ద పరేహా యను బానిస యుండెను. అతని రూపమును 1650లో రోమునగరమున దొర ఠీవితో వ్రాసి, ఆ యేడే విడుదలపత్రముపై చేవ్రాలు చేసెను. ఆ పత్రము ప్రకారము ఇంకను నాలుగేండ్లు కొలువు చేసినగాని విడుదల లేదు. బొమ్మలో నిచ్చిన గౌరవము బ్రతుకున కెక్కుటకు నాలుగేండ్లు పట్టినదన్నమాట.

ఇక ఫ్లాండర్సు. అది నేటి బెల్జియము దేశపు భాగము. ఆ నాడు స్పెయిను రాజుల యేలుబడిలో నుండెను. రెండవ ఫిలిప్పు కుమార్తె ఇసబెల్ 1621లో భర్త పోయినపిదప సన్యాసినుల ముతకదుస్తులు ధరించి, 1633లో మరణించువఱకు ఆ దేశమును పాలించినది. ఆ వేషముతోనే ఆమెను రూబెన్స్ వ్రాసెను. రూబెన్స్ ఆంట్వెర్ప్ నగరవాసి. ఆమె పక్షమున రాయబారము నడపి, 1628లో మాడ్రిడ్ నగరమునకు బోయి వెలాస్కెజ్‌తో స్నేహము చేసినవాడు. ఆయనను గూర్చి వ్రాయవలెనన్న ఈ సంచిక చాలదు. వ్రాయకున్నను ఆయన పేరునకు కొఱతలేదు. ఈ కాలపు చిత్రలేఖనమునకు బరోక్ అని పేరు. సొట్టముత్యమును పోర్చుగీసువా రట్లు పిలిచెడివారనియు, ఆ మాటయే ఇట్లు తిరిగినదనియు చెప్పుదురు. చీకటినుండి ఒక్కసారిగ పొంగుకొనివచ్చు వెలుగు దాని గుఱుతు.

రూబెన్స్ నగరమైన ఆంట్వెర్ప్‌లోనే క్లారా పేటర్స్ అను స్త్రీ కుంచె పట్టినది. ఆమె పుట్టుపూర్వములు దస్తావేజుల కెక్కలేదు. తేదీ వేసిన పటములు 1607 మొదలు 1621 వఱకు నున్నవి. ఆమెవని యెన్నబడు పటములు నలువది వఱకు గలవు. అందు మనుష్యుల కథలు లేవు. జున్నుముద్దలు, బాదములు, రొట్టె, చేపలు, పూలు, తగరపు కూజా, బంగారు పూతగల పానపాత్ర, ఇవియే. ఆ కాలమున స్త్రీలు మనుష్యదేహమును ఎదుట నుంచుకొని అభ్యసించుటకు వీలులేదు. అందుచే పురాణగాథల పెద్ద పటములు వ్రాయు త్రోవ మూసికొనిపోయెను. మిగిలినది భోజనపు బల్ల. క్లారా ఆ బల్లనే చిత్రరాజ్యముగ జేసికొనినది. చేపలను ప్రధానవస్తువుగ నెంచి వ్రాసిన తొలిపటములలో 1611 నాటి యామె పట మొకటి.

ఆమె చేసిన చమత్కార మొకటి వినుడు. తళతళలాడు పానపాత్ర బుడిపెలమీద, కూజా మూతమీద, ఆవగింజంత చుక్కలుగ నేవో మెఱపులు కనబడును. దగ్గఱగ చూచిన, అవి మెఱపులు కావు, క్లారా ముఖములు. టోపీతో, ఒక్కొకచో రంగులపలక చేబట్టి, తన్ను తాను పదేపదే వ్రాసికొనినది. హేగ్ నగరమందలి మౌరిత్సుహౌస్ చిత్రశాలలో జున్నుముద్దల పటము గలదు. అందొక వెండికత్తి అంచున ఆమె పేరు చెక్కినట్లు వ్రాసియున్నది. ఆ దేశమున పెండ్లికూతురునకు అటువంటి కత్తిని పేరు చెక్కించి యిచ్చుట వాడుక. మన పుట్టింటివారు ఇత్తడిబిందెపైనను స్టీలుగిన్నెపైనను పేరు కొట్టించి పంపునట్లే. ఆ గిన్నెమీది పేరే కదా అనేకమంది ఆడువారికి మిగిలిన చేవ్రాలు! క్లారా తన చేవ్రాలునకు ఆ కత్తినే తగినచోటుగ నెంచినది.

మాడ్రిడ్‌లోని ప్రాడో చిత్రశాలను 1819లో తెఱచిరి. ఒక్క స్త్రీ చిత్రకారిణి పటములతోనే ప్రత్యేక ప్రదర్శన అచ్చట 2016లోగాని జరుగలేదు. ఆ మొదటి ప్రదర్శన క్లారాదే. ప్రాడోవారు ఆమె పటములను ఇంటర్నెట్టునందు స్పష్టముగ నుంచిరి. చేతిలోని ఫోనులో వ్రేళ్లతో పెద్దదిచేసి చూడవచ్చును. పిల్లలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, పూలగుత్తి ప్రక్కనున్న బంగారుపాత్రలో ముఖములెన్నియో లెక్కింపుడు. మంచి ప్రొద్దుపుచ్చు. మన నగరమందలి సాలార్జంగు ప్రదర్శనశాలలోను పాశ్చాత్య చిత్రముల గదులున్నవి. మేము చెప్పిన పటము లచ్చట లేవుగాని, వర్ణచిత్రమెదుట నిలుచుండి చూచుట అలవడును. మనవా రందఱును ముసుగు రెబెకా బొమ్మను, గంటకొట్టు గడియారమును చూచి వచ్చినత్రోవను మరలుదురు. ఈసారి పటముల గదిలో అరగంట ఆగుడు.

బ్రస్సెల్సు నగరమున మికేలినా వొతియే అను మఱియొక సోదరి యుండెను. ఈమె క్లారావలె బల్లకు కట్టుబడలేదు. మద్యదేవతయైన బాకస్ ఊరేగింపును తొమ్మిదడుగుల యెత్తున, పండ్రెండడుగులకు కొంచెము తక్కువ వెడల్పున వ్రాసినది. ఆ పటము వియన్నా నగరమందున్నది. త్రాగి సోలిన మగవారి గుంపు నడుమ ఒక స్త్రీ మాత్రము సూటిగ మనవంక చూచుచున్నది. అది మికేలినాయే. కొనిన లియోపోల్డు విల్హెల్ము ప్రభువు 1659 నాటి పట్టికలో ఆమె పేరే వ్రాయించెను. అయినను తరువాతి పండితులు, ఇంత పెద్ద పటము ఆడుదాని పని కాదని తలంచి మగవారి పేళ్లు తగిలించిరి. ఆమె పటములకు తొలి ప్రత్యేక ప్రదర్శన 2018లో ఆంట్వెర్ప్‌లో జరిగినది. పట్టికలో పేరుండియు పరులపాలైన సొత్తిది. పొలము పట్టాలో పేరున్నను పెత్తనము లేని వితంతువు లెందఱిని మనము చూడలేదు?

ఈ చిత్తరువులలో మన తెలుగునేల సంబంధ మొకటి దాగియున్నది. అది నగలలో. ప్రాడోలో వెలాస్కెజ్ చేయి పడిన రాణి మార్గరీటా పట మున్నది. ఆమె గుఱ్ఱముపై నున్నది. ఱొమ్మున నలుచదరపు నల్లనిరాయి, దాని క్రింద వ్రేలాడు పెద్దముత్యము. ఆ నల్లనిరాయి నీలము కాదు, వజ్రము. ఆ దినములలో వజ్రమును పైభాగము బల్లపఱుపుగ సానబట్టి, అడుగు మూసిన గూటిలో పొదిగెడివారు. వెలుతురు తిరిగి పైకి రాక రాయి నల్లబడి, అంచున నొక తెల్లని మెఱపు మాత్రము కనబడును. చిత్రకారులు కన్నులకు కనబడినట్లే నలుపుతో వ్రాసి తెల్లచుక్క పెట్టిరి. తళతళలాడు కోతలు తరువాతివి.

బ్రెజిలు దేశమున 1720 ప్రాంతమున వజ్రములు దొరకువఱకు, యూరపునకు వజ్రములు ముఖ్యముగ మన దేశమునుండియే పోయెడివి. కృష్ణాతీరపు గనులనుండి గోలకొండకు, అచ్చటినుండి గోవాకు, గోవానుండి లిస్బనుకు, అటుపై సానబట్టు ఆంట్వెర్ప్‌కు. మా పేట్ బషీరాబాదునుండి గోలకొండకోట గంట ప్రయాణము. ఫ్లాండర్సులోని బ్రూజ్ పట్టణమున పుట్టిన జాక్ ద కూత్ర్ అను రత్నవర్తకుడు ఆ శతాబ్దపు మొదటి పాదమున మన ప్రాంతములందు తిరిగి, కర్నూలు మండలమందలి రామళ్లకోట వజ్రపుగనులను కన్నులార చూచెను. 1623లో పోర్చుగీసువా రతనిని గోవాలో బంధించి లిస్బనుకు పంపిరి. మిగిలిన దినములు స్పెయినులో గడపి 1640లో మరణించెను. అతని జీవితచరిత్రను కుమారుడు కూర్చెను.

ఫ్రెంచివాడైన టావెర్నియే కొల్లూరు గనిని చూచిన లెక్క ఇంకను విపులము. అఱువదివేలమంది పనిచేయుచుండిరట. మగవారు త్రవ్వెడివారు, ఆడువారును పిల్లలును మన్ను మోసెడివారు. ఆ మన్నును గోడకట్టిన మళ్లలో పోసి, నీరుపెట్టి, బురదను వదలించి, ఎండిన పిదప ధాన్యమును చెఱిగినట్లు చేటలవంటి బుట్టలతో చెఱిగి రాయిని వెదకెడివారు. చెఱుగుట మన చేతిపని. ఆ చేటలో నిలిచిన రాయి రాణి ఱొమ్మునకు జేరి, చిత్రకారుని కుంచెకు నల్లని చతురమైనది.

గ్రుడ్లు వండిన ముసలమ్మను వెలాస్కెజ్ వ్రాసెను. క్లారా తన్ను తానే కూజాలో వ్రాసికొనెను. కొల్లూరులో తట్టమోసిన తల్లుల రూపమును వ్రాసిన పట మొక్కటియు మా కంట పడలేదు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నది.