గ్రేడు సరే, ఇంజన్ సంగతేమిటి? డీజీసీఏకు బహిరంగ లేఖ

చిన్న విమానానికి గాలిలో ఇంజన్ ఆగితే అది రాయిలా పడిపోదు. శిక్షణలో వాడే సెస్నా 152 విమానం 60 నాట్ల వేగం నిలుపుకుంటే వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతూ వెళ్తుంది. చేతిలో ఉండేది నిమిషన్నర. అంతలోనే దిగడానికి చోటు వెతకాలి, గాలి ఎటు వీస్తోందో చూడాలి, రేడియోలో చెప్పాలి. లోపల ఇరవై ఏళ్ల విద్యార్థి ఒక్కడే ఉండొచ్చు.

2025 అక్టోబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు తొలిసారి ర్యాంకులు ప్రకటించింది. ఏ ప్లస్, ఏ గ్రేడులు ఒక్కదానికీ దక్కలేదు. అన్నీ బీ, సీలే. దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ అక్షరం చూసి లక్షల ఫీజు కట్టే తల్లిదండ్రులకు, ఏ స్కూల్లో ఇంజన్ ఎన్నిసార్లు మొరాయించిందో తెలుస్తుందా? ఎన్ని విమానాలు పొలాల్లో దిగాయో, ఎందుకు దిగాయో?

కారణాలు కొత్తవేమీ కావు. మొదటిది పెట్రోలు: అయిపోవడమో, అందులో నీళ్లు చేరడమో. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి గ్లాసులోకి కాస్త వంపి చూస్తారు. పెట్రోలు నీలంగా ఉంటుంది, నీళ్లు కింద రంగు లేకుండా పేరుకుంటాయి. గ్లాసంతా నీళ్లే అయితే మాత్రం రెండింటి మధ్య గీత కనబడదు. తొందరలో ఉన్నవాడు శుభ్రంగా ఉందనుకుంటాడు.

రెండోది కార్బురేటర్‌లో ఐసు. ఇది చలిదేశాల జబ్బని చాలామంది అనుకుంటారు. పెట్రోలు ఆవిరయ్యేచోట ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది. అందుకే వానాకాలపు కోస్తా ఉక్కపోతలో, పవర్ తగ్గించి దిగే వేళ కూడా ఐసు కడుతుంది. కార్బురేటర్‌కు వేడి గాలి పంపే కార్బ్ హీట్ మీట లాగితే కరిగిన నీళ్లు లోపలికి పోయి ఇంజన్ కాసేపు మరింత దడదడలాడుతుంది. బెదిరిన విద్యార్థి దాన్ని మళ్లీ లోపలికి నెట్టేస్తాడు. ఆ కాసేపు ఓర్చుకోమని ఎన్ని స్కూళ్లు చేసి చూపిస్తున్నాయి? మరమ్మతు లోపాల సంగతి డీజీసీఏకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక దిగడం. పైలట్‌కు కరెంటు తీగలు కనబడవు, స్తంభాలు కనబడతాయి. ఎండిన చేను నయం. దమ్ము చేసిన మడిలో ముందు చక్రం దిగబడితే విమానం తలకిందులవుతుంది. గట్లకు అడ్డంగా దిగితే అంతకన్నా కష్టం. టేకాఫ్ అయిన వెంటనే ఇంజన్ ఆగితే రన్‌వేకి వెనక్కి తిరగకూడదని ప్రతి పుస్తకమూ చెబుతుంది. అయితే రన్‌వే చివర ఎదురుగా ఏముందో ఎవరైనా చూస్తున్నారా? ఇళ్లా, చెరువా, పొలమా?

ప్రమాదాల దర్యాప్తు ఏఏఐబీ అనే వేరే సంస్థ పని, నిజమే. తుది నివేదిక వీలైతే ఏడాదిలోపు రావాలన్నది అంతర్జాతీయ నియమం. ప్రమాదం దాకా పోకుండా పొలంలో క్షేమంగా దిగినవాటి నుంచి నేర్చుకునేది ఎవరు? ఆ పాఠం పక్క స్కూలుకు చేరేది ఎప్పుడు?

ర్యాంకులు ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో ఇస్తామని డీజీసీఏ చెప్పింది. ఇకపై వచ్చే జాబితాల్లోనైనా అక్షరం పక్కన ఇంజన్ ఎన్నిసార్లు ఆగిందో, ఎన్ని విమానాలు పొలాల్లో దిగాయో ఆ లెక్క కూడా ఉండాలి.