తల్లిరొయ్య యెవరిది?

పరదేశపు విద్య మనకు వలదనుట అవివేకము. పరదేశపు సరకు వచ్చినంత మాత్రమున విద్యయు వచ్చినదనుకొనుట అంతకన్న అవివేకము. ఈ భేదమును కొల్లేటి సీమవారికి గ్రంథములు చూపి చెప్పనక్కరలేదు. రెండు దృష్టాంతములును వారి చెరువులలోనే యీదుచున్నవి.

మొదటిది రొయ్య. అమెరికా ఖండపు పసిఫిక్కు తీరమున పుట్టిన వనామీ జాతికి మన ప్రభుత్వము 2009లో తలుపు తెరచినది. అంతకుముందు, 1990 దశకము నడుమ, తెల్లమచ్చ తెగులుచే టైగరు రొయ్య నశింపగా అప్పులపాలయిన రైతునకు ఇది ప్రాణము పోసినమాట నిజము. ఆకివీడు, కైకలూరు ప్రాంతములకు ధనము వచ్చినది, కాదనము. అయినను తల్లిరొయ్యలు నేటికిని హవాయి మొదలగు తావులనుండి విమానమెక్కి చెన్నపట్టణమున దిగి, క్వారంటైనులో పరీక్షలు ముగిసిన పిమ్మటనే హాచరీలు చేరుచున్నవి. మన చెరువున పెరిగినవానినే తల్లులుగా నుంచుకొందమన్న, రక్తసంబంధము మిక్కిలి దగ్గరదగుటచే సంతానము క్షీణించును. రోగభయముచేత నిబంధనలును ఒప్పవు. పంట మనది, విత్తు వారిది. 2025లో అమెరికా మన రొయ్యపై సుంకము హెచ్చించినపుడు రైతును దెబ్బతీసినది కొనువాడు. హవాయి తల్లిరొయ్యల నమ్మువాడును ఆ దేశమువాడే!

రెండవది శీలావతి. సాల్మను చేపను తరతరములుగా ఎంపికచేసి వృద్ధిపరచుటలో నార్వేవారు ఆరితేరినవారు. భువనేశ్వరము చేరువ కౌసల్యాగంగయందలి మన మంచినీటి చేపల పరిశోధనాలయము 1992లో ఆ దేశపు ఆక్వాఫోర్స్కు సంస్థతో కూడి పని యారంభించెను. నార్వేనుండి వచ్చినది చేప కాదు, పద్ధతి. గంగ, యమున, సట్లెజి, గోమతి, బ్రహ్మపుత్రల శీలావతులను కూర్చి, చేపచేపకును గుర్తుపెట్టి, వడిగా పెరిగిన కుటుంబములనుండియే తల్లిదండ్రులను ఏరిరి. పెరుగుదల తరమునకు నూటికి సుమారు 17 వంతున హెచ్చెను. స్వాతంత్ర్య స్వర్ణోత్సవము జరిగిన 1997లో విడుదలయిన ఆ జాతికి జయంతి యని పేరిడిరి. నార్వేవారు వెడలిపోయిరి; విద్య మనయొద్దనే నిలిచినది.

ఇట్టి కార్యమునకు ఒక ఏటిలో ఫలముండదు. ఏలూరు చెంతనే పెదవేగిలో 1995లో స్థాపితమయిన పరిశోధనాలయము, ఆఫ్రికానుండి వచ్చిన ఆయిల్ పామ్ చెట్టునకు ఇచటనే సంకరవిత్తనములను సిద్ధపరచుచున్నది. నేలమీది చెట్టునకు చేసినది నీటిలోని రొయ్యకేల చేయరాదు? చెన్నపట్టణపు ఉప్పునీటి జలజీవ పరిశోధనాలయము మన తీరపు తెల్లరొయ్యపై ఇట్టి కృషికి పూనుకొన్నది. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాలయమున జీవసాంకేతికశాఖ కలదు. కొల్లేటి చెరువులు దానికి దూరము గావు. ఆక్వా వ్యాపారముమీద ప్రభుత్వమునకు వచ్చు రాబడిలో కొంతభాగమును పదేండ్లపాటు దేశీయమయిన తల్లిరొయ్యలకే కేటాయింపుడని మన శాసనసభ్యులు పట్టుపట్టవలయును. రాబోవు ఎన్నికలలో వోటడుగ వచ్చినవారిని ఏలూరు, ఆకివీడు రైతులు ముందుగా ఈ మాటయే అడుగుదురు గాక.