సయాటికాకు మంచమే మందా?

నడుములో మొదలై పిరుదు మీదుగా పిక్క వరకు లాగే నొప్పి వస్తే మన ఇళ్ళలో వినబడే మొదటి మాట "కదలకుండా పడుకో" అనే. ఈ సలహా మానుకోవాలని నా అభిప్రాయం. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు 183 మంది సయాటికా రోగులలో కొందరిని రెండు వారాలు మంచంపై ఉంచారు, మిగిలినవారిని వీలైనంత తిరగమన్నారు. 12 వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మందికి మెరుగైంది. పడుకున్నందువల్ల ఒరిగేది లేదు, మనకైతే రెండు వారాల కూలి పోవడం తప్ప.

ట్రాక్షన్ కోసం, కరెంటు పెట్టించుకోవడం కోసం రోజూ బస్సెక్కి వచ్చేవారున్నారు. ఈ నొప్పికి అవి వద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లోనే చెప్పి, వ్యాయామం వైపు మొగ్గింది. మిషను కింద పడుకోవడం సులువు, ఇంటి దగ్గర రోజూ వ్యాయామం చేయడమే కష్టం! కాబట్టి ఫిజియోథెరపిస్టును "ఏ మిషను పెడతారు?" అని కాక "ఏ వ్యాయామం నేర్పుతారు?" అని అడగండి. బోర్లా పడుకొని మోచేతులపై లేవడం కొందరికి హాయినిస్తుంది, కొందరికి కాలినొప్పి పెంచుతుంది. పక్కింటివారిని చూసి చేయకండి. నడక మాత్రం మానకండి.

మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా, పాదం వాలిపోయినా వ్యాయామాలంటూ ఆగవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి.