తిత్తి చూసి కొనండి



పోయిన నెల ఈ పేజీలో మా కాలి ఆర్గన్ గూర్చి ఒక మాట వ్రాసి వదిలేశాము. అది ఏమైందని కొందరు అడుగుతున్నారు గనుక ఈ నెల దాని సంగతే వ్రాస్తున్నాము.

నారాయణగూడలో ఒక కుటుంబము ఇల్లు ఖాళీ చేస్తూ దానిని పాత సామాను బండికి ఎత్తబోవుచుండగా 7,000 రూపాయలిచ్చి చిక్కడపల్లికి తెచ్చుకున్నాము. చెక్క నిగనిగలాడుతున్నది. తొక్కితే మాత్రం ఉబ్బసపు మనిషి ఊపిరి తప్ప స్వరం లేదు! చెక్కను చూసి కొనడమే మా మొదటి పొరబాటు. చూడవలసింది తిత్తిని. మెట్లేవీ నొక్కకుండా కాసేపు తొక్కి ఆపవలెను. లోపలి నిలువ తిత్తి మెల్లగా తెరచుకుంటే మంచిది. టపీమని తెరచుకుంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే.

పారిస్‌లో దెబాఁ అనే ఆయన 1840లో హక్కు పొందిన హార్మోనియం గాలిని బయటికి ఊదుతుంది. అమెరికా ఆర్గన్లు లోపలికి పీలుస్తాయి. మాది పీల్చేది. ఇదే పీల్పుతో ఒకప్పుడు పియానోలు మెట్ల మీద మనిషి వేలు పడకుండానే పలికేవి. అమెరికాలో ఎడ్విన్ వోటీ 1895 ప్రాంతంలో 'పియానోలా' తయారుచేశాడు. రంధ్రములు పొడిచిన కాగితపు చుట్ట ఒక పట్టీ మీదుగా జరుగుతుంది. రంధ్రం వచ్చిన చోట గాలి లోపలికి దూరి చిన్న కవాటమును ఎత్తుతుంది. ఆ స్వరానికి చెందిన బుల్లి తిత్తి ముడుచుకొని సుత్తిని కదిలిస్తుంది. తొక్కడం మాత్రం మనిషే తొక్కాలి. 1908లో తయారీదారులు బఫెలో పట్టణంలో కూడి 88 స్వరముల చుట్టకు ఒకే కొలత పెట్టుకున్నారు. తరువాత రేడియో, గ్రామఫోను, 1929 ఆర్థిక పతనము కలిసి ఆ వ్యాపారమును ముంచివేశాయి. ఆ పియానోలను చౌకగా కొని, ఆ బుల్లి తిత్తులన్నిటికీ కొత్త గుడ్డ వేసుకునేవారు పాశ్చాత్య దేశములలో ఈనాటికీ ఉన్నారు. మా పెట్టెలో తొక్కుడు తిత్తులు రెండు, నిలువ తిత్తి ఒకటి. ముందు గదిలో చెప్పులు విడిచే చోటు కూడా లేదని మా ఇంట్లో ఆమె బాధపడేందుకు అవే చాలినవి.

మాకంటే ముందు బాగుచేసినవారెవరో బజారులో దొరికే తెల్ల జిగురుతో గుడ్డ అంటించారు. తోలు ఉడికించి చేసే పాతకాలపు జిగురైతే వేడినీటి గుడ్డ వేస్తే ఊడివస్తుంది. ఇది చెక్కను పెళ్ళలుగా లేపింది. రెండు వారముల సాయంత్రములు దాన్ని గీకడానికే సరిపోయాయి.

గాలి నిలిచింది. అయితే నడిమి స్థాయిలో ఒక మెట్టు మూగగానే ఉన్నది. ఇత్తడి నాలుకను కొనవద్ద గీకితే శ్రుతి పెరుగుతుందని, మొదట్లో గీకితే తగ్గుతుందని ఎక్కడో చదివాము. శ్రుతి సంగతి దేవుడెరుగు, గీకితే పలుకుతుందేమోనని గీకాము. నాలుక చిట్లింది.

మా సంఘంలో ఒక పెద్దాయన యౌవనంలో పద్యనాటకాలకు కాలి హార్మోనియం వాయించినవారు. చూసి, "అయ్యగారూ, ముందు దుమ్ము దులపవలసింది. నాలుక కింద నలుసు పడినా పలకదు" అన్నారు. పక్క రీడు తీసి ఊది చూపించారు. నిజమే. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అదే కొలత రీడు కోసం మూడు గురువారములు జుమ్మేరాత్ బజారంతా తిరిగాము. దొరకలేదు. ఆదివారం సాయంత్రం కూడికలో ఆయనే వాయించారు. ఆ మెట్టు తగలని శ్రుతి ఎంచుకున్నందున పాటలన్నీ పైకి పోయి, అక్కయ్యలు గొంతు చించుకోవలసి వచ్చింది. ఎవరికీ విషయం తెలియలేదు. ఆయన మాత్రం ఆ మెట్టు దాటినప్పుడల్లా మా వైపు చూశారు.

చిట్లిన రీడును కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాము. చదువరులలో ఎవరి ఇంటి అటక మీదనైనా పాత ఆర్గన్ రీడ్లు ఉంటే, దయచేసి తూకానికి వేయకముందు మాకొక కార్డు వ్రాయండి.