పెడన కాగులో ఎరుపు

పెడనలో కలంకారీ బట్ట ఉడుకుతున్న కాగు దగ్గర నిలబడినప్పుడల్లా నాకు మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ గుర్తొస్తాడు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద పటిక కలిపిన ద్రావణంతో అచ్చు వేస్తారు. అప్పటికి ఎరుపు జాడే ఉండదు. అలిజరిన్ వేసిన నీళ్ళలో ఉడికాక, పటిక పడ్డ చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. పడని చోట నిలవదు.

ఒకప్పుడు మన తీరంలో ఈ ఎరుపు చిరివేరు ఇచ్చేది. యూరప్‌లో మంజిష్ఠ జాతి మొక్క వేరు ఇచ్చేది. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరులోని అలిజరిన్‌ను బొగ్గు తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి తయారు చేశారు. 1886లో జర్మన్ తత్వవేత్త ఫాయర్‌బాక్ మీద రాస్తూ ఎంగెల్స్ ఈ ఉదాహరణే అందుకున్నాడు. వస్తువు మనకు ఎలా కనిపిస్తుందో అదే తెలుస్తుంది, దానికదిగా ఎలా ఉంటుందో తెలియదన్నాడు అంతకు ముందటి తత్వవేత్త కాంట్. వేరుతో పని లేకుండా ఆ రంగును మనమే చేసుకోగలుగుతున్నప్పుడు అందులో అందనిది ఇంకేం మిగిలిందన్నది ఎంగెల్స్ జవాబు. ఆ వ్యాసం 1888లో పుస్తకంగా వచ్చినప్పుడు, 1845లో బ్రస్సెల్స్‌లో మార్క్స్ తన నోటు పుస్తకంలో రాసుకున్న 11 సూత్రాలను చివర అచ్చు వేయించింది కూడా ఆయనే. ఆలోచన నిజమో కాదో ఆచరణే తేల్చాలనేది వాటిలో రెండోది.

అలిజరిన్ ఉదాహరణ మీద గట్టి అభ్యంతరం మార్క్సిస్టుల లోపలి నుంచే వచ్చింది. ప్రయోగశాలలో శాస్త్రవేత్త తాను అమర్చిన పరిస్థితుల్లో ప్రకృతి నియమాలు ఎలా నడుస్తాయో చూస్తాడు, అంతే. మార్క్స్ చెప్పిన ఆచరణ అది కాదని 1923లో హంగేరీ తత్వవేత్త జార్జి లూకాచ్ తన పుస్తకంలో వాదించాడు. దీన్ని నేను తేలిగ్గా తోసెయ్యలేను. కృత్రిమ అలిజరిన్ బజారుకొచ్చిన కొద్ది ఏళ్ళకే దక్షిణ ఫ్రాన్స్‌లో మంజిష్ఠ పండించే రైతు చితికిపోయాడు. తారు నుంచి రంగు తీయడం ఆ రంగు గురించిన నిజాన్ని రుజువు చేసింది. రైతు ఎందుకు మునిగాడో, ఆ లాభం ఎవరి పెట్టెలోకి చేరిందో ఆ ప్రయోగంలో తేలదు. ఆ ప్రశ్న తేలాలంటే మనుషుల మధ్య సంబంధాలను మార్చే పని మొదలవ్వాలి. పరిస్థితులను మారుస్తూ మనుషులు తామూ మారతారని మార్క్స్ మూడో సూత్రంలో అన్నది ఆ పని గురించే.

అయితే లూకాచ్ అక్కడే ఆగిపోలేదు. 1967లో అదే పుస్తకానికి రాసిన ముందుమాటలో ఆ విమర్శ పొరపాటని ఒప్పుకున్నాడు. ఆదిమానవుడు రాయి తీసుకోవడానికైనా ఆ రాయి గురించి కొంత సరైన ఎరుక ఉండి తీరాలన్నాడు. నాకు ఈ మాట దగ్గర పెడన కళ్ళకు కడుతుంది. పటికలోని అల్యూమినియం రంగును నూలుకు పట్టి ఉంచుతుందని రసాయన శాస్త్రం వివరించడానికి శతాబ్దాల ముందే ఇక్కడి అద్దకపు పనివాళ్ళకు పటిక లేనిదే ఎరుపు పట్టదని తెలుసు. ఆ ఎరుకను చదువు లేని చేతివాటం అనడం అన్యాయం. అందులో ఎన్ని తరాల ఆలోచన, ఎన్ని పాడైన బట్టలు ఉన్నాయో!

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. మన రాజకీయ తరగతుల్లో 'ఆచరణ' అన్న మాటను ప్రశ్న అడిగిన కుర్రవాళ్ళ నోరు మూయించడానికి వాడటం చాలాసార్లు విన్నాను. "నువ్వు ఊళ్ళలో పని చేశావా? చేసి వచ్చి మాట్లాడు" అంటారు. ముప్ఫై ఏళ్ళు ఒకే పనిని ఒకే తీరుగా చేసి, ఫలితం ఏమైందని ఒక్కసారీ వెనక్కి చూసుకోకపోతే అది అలవాటు అవుతుంది. ఎదురుదెబ్బ తగిలినప్పుడు సిద్ధాంతాన్ని విప్పి చూసుకునే వాళ్ళ పనినే నేను ఆచరణ అనుకుంటాను.

మార్క్స్, ఎంగెల్స్ అలాగే చేశారు. 1871లో పారిస్ కార్మికుల ప్రభుత్వం, పారిస్ కమ్యూన్, 72 రోజులు నిలిచి నెత్తుటిలో కూలిపోయింది. మరుసటి ఏడాది కమ్యూనిస్టు ప్రణాళికకు కొత్త జర్మన్ ముద్రణ వస్తుంటే, మార్క్స్, ఎంగెల్స్ దాని కార్యక్రమంలో కొన్ని చోట్లు పాతబడ్డాయని రాశారు. ఉన్న రాజ్యయంత్రాన్ని ఉన్నట్టే చేతిలోకి తీసుకుని కార్మికవర్గం తన పని నడుపుకోలేదని కమ్యూన్ తేల్చిందని అందులో చెప్పారు. పాతికేళ్ళ నాటి మూలాన్ని దిద్దకుండా అలాగే ఉంచి, ఈ మాటలు దాని ముందు పెట్టి, 1872 జూన్ 24న లండన్‌లో ఇద్దరూ కింద తమ పేర్లు రాశారు.